పసుపు సారం గది: లీటరు లీటరుకూ లెక్క

నిజామాబాద్ జిల్లాలో పసుపు పండించే కొన్ని కుటుంబాలు కలిసి పెట్టుకున్న ఉత్పత్తిదారుల సంఘం కోసం ఒక చిన్న గది సిద్ధం చేస్తున్నాం. మార్కెట్ యార్డులో సరైన ధర పలకని విరిగిన ముక్కలు, పాలిష్‌లో రాలిన చిన్న కొమ్ములు సంఘం దగ్గర బస్తాల కొద్దీ ఉన్నాయి. వాటి నుంచి పసుపు ఒలియోరెసిన్ తీయగలమా, తీసినా ఆహార పరిశ్రమ కొనేంత శుభ్రంగా తీయగలమా అన్నది తేల్చాలి. ఒలియోరెసిన్ అంటే పసుపులోని రంగు, నూనె, ఘాటు అన్నీ కలిసిన చిక్కటి ముదురు నారింజ ముద్ద. పొడిని సాల్వెంట్‌లో, అంటే దాన్ని కరిగించి లాగే ద్రవంలో నానబెట్టి, వడకట్టి, సాల్వెంట్‌ను ఆవిరి చేసి పట్టుకుంటే అడుగున మిగిలేది అదే.

మందుల కంపెనీల ల్యాబుల్లో కొన్నేళ్లు పనిచేసిన అనుభవం ఉందని ఈ గది బాధ్యత నాకు అప్పగించారు. అందరూ దిగుబడి గురించి అడుగుతున్నారు. నేను మాత్రం ముందుగా సాల్వెంట్‌కు ఒక లెక్కల పుస్తకం తెరిచాను. గదిలోకి ఎన్ని లీటర్లు వచ్చింది, పని అయ్యాక ఎన్ని లీటర్లు తిరిగి డబ్బాలోకి చేరింది, తేడా ఎంత. ఆ తేడా మూడు చోట్లలో ఎక్కడో ఒకచోట ఉండాలి: మనం పీల్చే గాలిలో, పారబోసే పిప్పిలో, లేదా ఎవరో తినబోయే సరుకులో. మూడూ మనుషుల ఒంట్లోకి వెళ్లే దారులే. అందుకే ఈ డైరీలో దిగుబడి కన్నా ఆ తేడా గురించే ఎక్కువ రాస్తాను.

డిసెంబరు: ఏ సాల్వెంట్?

సంఘంలో మొదట వచ్చిన సూచన హెక్సేన్. తవుడు నూనె, సోయా నూనె మిల్లుల్లో వాడేది అదే, చవక, దొరకడం తేలిక. దాన్ని రెండు కారణాలతో వద్దన్నాను. మొదటిది, పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ హెక్సేన్‌లో దాదాపుగా కరగదు. పసుపు నూనె వస్తుంది కానీ మనకు కావలసిన రంగు పిప్పిలోనే ఉండిపోతుంది. ఈ ఒక్క కారణంతోనే మాట ముగిసేది. అయినా రెండో కారణాన్ని కూర్చోబెట్టి వివరంగా చెప్పాను. రేపు ఇంకెవరైనా ఇంకేదో మొక్క కోసం ఇదే సూచన తెస్తారు.

హెక్సేన్ ఆవిరి ఒంట్లోకి వెళ్లాక కాలేయం దాన్ని 2,5-హెక్సేన్‌డయోన్ అనే పదార్థంగా మారుస్తుంది. నరాలను దెబ్బ తీసేది అదే. మొదట కాలి వేళ్లు, చేతి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఆ తర్వాత పట్టు తగ్గుతుంది, ముదిరితే నడక పోతుంది. 1960ల్లో జపాన్‌లో ఇళ్లలోనే చెప్పులు అతికించే పనివాళ్లలో ఇది బయటపడింది. జిగురులో హెక్సేన్ ఉండేది, గదులు ఇరుకు, చలికాలం తలుపులు మూసి పనిచేసేవారు. 2009లో చైనాలోని సుజౌలో టచ్‌స్క్రీన్లు తుడిచే కార్మికులకూ ఇదే జరిగింది. ఆల్కహాల్ కన్నా తొందరగా ఆరుతుందని హెక్సేన్ ఇచ్చారు, వందమందికి పైగా జబ్బుపడ్డారు. మన గది కూడా ఇరుకైనదే. ఈ రెండు సంఘటనలూ విన్నాక సంఘం పెద్దాయన ఒక్క మాటే అన్నారు: “అమ్మా, మా ఇంటి ఆడపిల్లలు ఈ గదిలో పనిచేస్తారు. నువ్వు చెప్పిందే తెప్పిద్దాం.”

మిగిలినవి మూడు. అసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ బయట ఎండ 44 దాటుతుంది. డబ్బా మూత తీస్తేనే ఆవిరి ముఖానికి తగిలే సాల్వెంట్‌ను ఆ వేడిలో చిన్న గదిలో వాడటం నాకు ఇష్టం లేదు. ఇథనాల్ మంచిదే, కానీ ఎక్సైజ్ లైసెన్సు కావాలి, పైగా పసుపులోని చక్కెరలను, జిగురును కూడా లాగి ముద్దను బంకగా చేస్తుంది. ఇథైల్ అసిటేట్ 77 డిగ్రీలకు మరుగుతుంది, కర్క్యుమిన్‌ను, నూనెను రెండింటినీ బాగా కరిగిస్తుంది, ఆహార పదార్థాల తయారీకి యూరప్‌లోనూ అనుమతి ఉంది. దాన్నే ఎంచుకున్నాం.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. ఇథనాల్ చెరకు నుంచి వస్తుంది కాబట్టి సహజం, సహజం కాబట్టి ప్రమాదం లేదు అని చాలామంది మూలికల తయారీదారులు గట్టిగా నమ్ముతారు. ఒంటికి హెక్సేన్ కన్నా ఎంతో మేలే. కానీ నిప్పు విషయంలో దానికి మినహాయింపు లేదు. ఆవిరి అంటుకునే ఫ్లాష్ పాయింట్ హెక్సేన్‌కు సున్నా కన్నా 20 డిగ్రీలకు పైగా కింద, ఇథైల్ అసిటేట్‌కు సున్నాకు 4 డిగ్రీల కింద, ఇథనాల్‌కు 13 డిగ్రీలు. తెలంగాణలో పని జరిగే వేళ 13 డిగ్రీల కన్నా చల్లగా ఉండే గది ఎక్కడుంది? అంటే మూడూ ఇక్కడ ఎప్పుడూ నిప్పుకు సిద్ధంగానే ఉంటాయి. పైగా ఇథనాల్ మంట పగటి వెలుగులో సరిగా కనిపించదు.

జనవరి: గది

పది అడుగులు, పన్నెండు అడుగులు, పది అడుగుల ఎత్తు. పాత ఎరువుల గది. ఎలక్ట్రీషియన్ ఎగ్జాస్ట్ ఫ్యానును పైకప్పు కింద పెడతానన్నాడు. నేలకు అర అడుగు ఎత్తులో పెట్టమన్నాను.

“మేడమ్, పొగ పైకి కదా పోతుంది?”

“ఇది పొగ కాదు బాబూ. ఈ ఆవిరి గాలికి మూడింతల బరువు. నేల మీదే పాకుతుంది.”

సుద్దముక్కతో గోడ మీదే లెక్క వేసి చూపించాను. గాలిలో హెక్సేన్ ఆవిరి 1.1 శాతానికి చేరితే చాలు, నిప్పురవ్వ తగిలిన క్షణం పేలుతుంది. ఇథైల్ అసిటేట్‌కు ఆ గీత సుమారు 2 శాతం. మన గదిలో నేల నుంచి ఒక్క అడుగు ఎత్తు వరకు ఉండే గాలి దాదాపు 3.4 ఘనమీటర్లు. ఆ పొరను పేలే స్థితికి తేవడానికి హెక్సేన్ 200 మిల్లీలీటర్లు ఆవిరైతే చాలు. ఇథైల్ అసిటేట్ అయితే పావు లీటరుకు కాస్త ఎక్కువ. ఒక గ్లాసు ఒలికి, ఎవరూ చూడకపోతే అంతే. గదిలో ముక్కు ఎత్తున నిలబడ్డ మనిషికి ఘాటు పెద్దగా తెలియకపోయినా, కాళ్ల దగ్గర పరిస్థితి వేరుగా ఉంటుంది.

ఆ లెక్క చూశాక అతను ఇంకేమీ అడగలేదు. ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారు ఉన్న ఫ్యాను కింద పెట్టాడు, ఎదురు గోడకు పైన గాలి లోపలికి వచ్చే కిటికీ వదిలాడు, స్విచ్‌బోర్డు మొత్తం బయటి వరండాలోకి మార్చాడు. ఫ్రిజ్ విషయంలో ఇంకోసారి వాదన జరిగింది. సాల్వెంట్ చల్లగా ఉంటే మంచిదని సంఘం ఆఫీసులోని పాత ఫ్రిజ్ తెస్తామన్నారు. ఇంటి ఫ్రిజ్ లోపల థర్మోస్టాట్, దీపం స్విచ్ రెండూ చిన్న నిప్పురవ్వలు వేస్తాయి. మూసిన పెట్టెలో ఆవిరి, దాంతోపాటు నిప్పురవ్వ. ల్యాబుల్లో ఫ్రిజ్‌లు తలుపులతో సహా పేలడానికి కారణం ఇదే. ఫ్రిజ్ రాలేదు.

కాలువ మూయించాను. ఎరువుల గది కాబట్టి మూలన నీళ్లు పోయే తూము ఉంది, అది వీధి మురుగుకాలువలో కలుస్తుంది. 1981 ఫిబ్రవరి 13న అమెరికాలోని లూయీవిల్ నగరంలో ఒక సోయా మిల్లు నుంచి హెక్సేన్ ఆవిరి మురుగుకాలువల్లోకి చేరింది. పైన వెళ్తున్న కారు నుంచి వచ్చిన నిప్పురవ్వతో అంటుకుంది. మిల్లు ఎక్కడో ఉంటే, రెండు మైళ్లకు పైగా వీధులు నేలలోంచి చీలిపోయాయి. సిమెంటు పూత పూసేదాకా మేస్త్రీ పక్కనే నిలబడ్డాను.

బీడీల సంగతి ఇక్కడ తప్పదు. ఈ జిల్లాలో బీడీలు చుట్టడం ఎన్నో ఇళ్లకు జీవనాధారం, తాగే అలవాటూ అంతే ఎక్కువ. గుమ్మం నుంచి ఇరవై అడుగుల దూరంలో ఎర్ర గీత గీసి, అగ్గిపెట్టె, లైటరు, ఫోను అక్కడి చెక్కపెట్టెలో పెట్టి రావాలని నియమం పెట్టాం. ఈ నియమం సంఘం అధ్యక్షుడితో మొదలుపెట్టడం మంచిదయింది. ఆయన జేబు ఖాళీ చేశాక మిగతావాళ్లు మారుమాట్లాడలేదు.

జనవరి చివర: చవక డ్రమ్ము

ఇథైల్ అసిటేట్ సగం ధరకే ఇస్తానని ఒక డీలరు నమూనా పంపాడు. “రికవరీ సరుకు, అంతా ఒకటే” అన్నాడు. మందుల తయారీలో ఒకసారి వాడి, మళ్లీ మరిగించి పట్టిన సాల్వెంట్ అన్నమాట. చిన్న ఫ్లాస్కులో పోసి, వాటర్ బాత్‌కు బదులు నూనె బాత్ మీద పెట్టి, పైన థర్మామీటర్ అమర్చి మరిగించాను. శుభ్రమైన ఇథైల్ అసిటేట్ అయితే ముల్లు 77 దగ్గరికి వచ్చి అక్కడే నిలవాలి. దీనిలో తొలి చుక్కలు 40 దాటగానే పడ్డాయి. 77 దగ్గర కొంతసేపు ఆగి, మళ్లీ పాకుతూ 100 దాటింది. 40 దగ్గర మరిగేది డైక్లోరోమీథేన్ అనీ, 110 వైపు వెళ్లేది టోలుయిన్ అనీ అనుమానించడానికి ఇంత చాలు. డైక్లోరోమీథేన్ ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది, క్యాన్సర్ ముప్పు వల్ల అమెరికా 2024లో దాని వాడకాల్లో చాలావాటిని నిషేధించింది. ఇవి పసుపు ముద్దలో మిగిలితే తినేవాళ్లకు తెలిసే మార్గమే లేదు.

నమూనా తిప్పి పంపాం. ఆహార శ్రేణి సరుకు, బ్యాచ్ నంబరుతో విశ్లేషణ పత్రం ఉన్నదే కొన్నాం. 25 లీటర్ల లోహపు డబ్బాకు మించి గదిలో ఉంచకూడదని తీర్మానం రాయించాను. మూలికల సారాలు తీసేవాళ్లు ఎవరైనా సరే, ఈ థర్మామీటర్ పరీక్ష చేయకుండా డబ్బా మూత తీయకండి. ఖర్చు దాదాపు శూన్యం, అరగంట పని.

ఫిబ్రవరి: తొలి బ్యాచ్

పసుపు పొడి 2 కిలోలు. ఇథైల్ అసిటేట్ 8 లీటర్లు, ముందు 5, తర్వాత 3. డబ్బా నుంచి పాత్రలోకి పోసేటప్పుడు రెండింటినీ రాగి తీగతో కలిపి, తీగను ఎర్తింగ్ కడ్డీకి బిగించాం. ద్రవం జారేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు పోవడానికి దారి ఉండాలి. ప్లాస్టిక్ గరాటు, పాలియెస్టర్ చీర, నైలాన్ చున్నీ గదిలోకి రావు. పనిచేసే ఇద్దరు అమ్మాయిలకూ నూలు కోట్లు కుట్టించాం.

ఆవిరి చేయడానికి రోటరీ ఎవాపొరేటర్, అంటే ఫ్లాస్కును తిప్పుతూ తక్కువ పీడనంలో మరిగించి, ఆ ఆవిరిని కండెన్సర్ అనే చల్లటి గొట్టంలో మళ్లీ ద్రవంగా పట్టే పరికరం. వేడికి నీళ్ల బాత్ మాత్రమే. పీడనం 240 మిల్లీబార్‌కు తగ్గిస్తే ఇథైల్ అసిటేట్ 40 డిగ్రీలకే మరుగుతుంది. బాత్ 60, ఆవిరి 40, కండెన్సర్‌లో తిరిగే నీరు 20 లేదా అంతకన్నా తక్కువ. ఈ ఇరవై ఇరవై తేడా పాటిస్తే ఆవిరి కండెన్సర్‌లో పట్టుబడుతుంది.

పుస్తకంలో ఆ సాయంత్రం రాసిన లెక్క ఇది. తిరిగి చేరింది 5.7 లీటర్లు. తడి పిప్పి తూకాన్ని బట్టి అందులో ఉన్నది దాదాపు 1.65 లీటర్లు. ఇంకా 0.65 లీటరు ఎక్కడ? ముద్దలో మిగిలేది ఎంతో స్వల్పం. పైన గది లెక్కలో చెప్పిన గ్లాసుతో పోలిస్తే ఇది దానికి రెట్టింపు కన్నా ఎక్కువ.

వెతకడం మొదలుపెట్టాం. జాయింట్లు గట్టిగానే ఉన్నాయి. కండెన్సర్ నుంచి బయటికి వస్తున్న నీళ్లలో చేయి పెడితే గోరువెచ్చగా ఉన్నాయి. ట్యాంకు నీళ్లే 28 డిగ్రీలు. అంటే పట్టుబడని ఆవిరి వాక్యూమ్ పంపు ద్వారా బయటి గొట్టంలోకి పోతోంది. గొట్టం చివర ఇంటి కప్పుకు పైన ఉంది కాబట్టి గదిలోకి రాలేదు. ఐస్ గడ్డలు వేసిన డ్రమ్ములోంచి చిన్న పంపుతో నీళ్లు తిప్పి, పంపుకు ముందు తప్పించుకున్న ఆవిరిని పట్టే ఇంకో చల్లటి పాత్ర (ట్రాప్) పెట్టాక తిరిగి చేరింది 6.1 లీటర్లకు పెరిగింది.

అదే రోజు చేతి తొడుగుల సంగతి బయటపడింది. కర్క్యుమిన్ అతినీల లోహిత కాంతిలో పచ్చగా మెరుస్తుంది. పని ముగిసి, గది బాగా గాలి ఆడాక యూవీ టార్చితో బల్ల, జాయింట్లు, నేల చూస్తున్నాం. అమ్మాయి తొడుగు విప్పి చేతిని కాంతి కింద పెట్టింది. మూడు వేళ్ల కొనలు, గోళ్ల అంచులు పసుపు పచ్చని వెలుగుతో మెరిశాయి. తొడుగు ఎక్కడా చిరగలేదు. ఇవి నీలం నైట్రైల్ తొడుగులు. హెక్సేన్‌ను బాగానే ఆపుతాయి కానీ ఇథైల్ అసిటేట్, అసిటోన్ వీటిలోంచి నిమిషాల్లో దూరిపోతాయి. సాల్వెంట్‌తో పాటు రంగూ వచ్చింది కాబట్టి మాకు కనిపించింది. రంగులేని మొక్క అయితే ఎప్పటికీ తెలిసేది కాదు. మర్నాడే బ్యూటైల్ రబ్బరు తొడుగులకు ఆర్డరు పెట్టాం. ఖరీదు చాలా ఎక్కువ, కానీ తడి పనికి అవే. నైట్రైల్‌వి పొడి పనికి, చినుకు పడితే వెంటనే మార్చే షరతుతో.

ఆ అమ్మాయి ఇంకో ఉపాయం చెప్పింది. హారతికి ఎర్రనీళ్లు కలిపినట్టు సున్నపు తేట చల్లితే పసుపు అంటిన చోటు ఎర్రబడుతుంది కదా అని. టార్చి అవసరం లేకుండా బల్ల తుడవడం సరిగా జరిగిందో లేదో చూడటానికి ఇప్పుడు మేము వాడుతున్నది ఆ సున్నపు తేటే.

మార్చి: గ్యాస్ డిటెక్టరు మౌనం

నేలకు దగ్గరగా తగిలించిన డిటెక్టరు ఇంతవరకు మోగలేదని అందరూ ధీమాగా ఉన్నారు. దీన్ని ఇక్కడ గట్టిగా రాయాలి. ఆ పరికరం పేలుడు గీతలో పదో వంతు దగ్గర మోగుతుంది. ఇథైల్ అసిటేట్‌కు అది సుమారు 2,000 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఇన్ని పాళ్లు అని లెక్క). రోజుకు ఎనిమిది గంటలు పీల్చడానికి సాధారణంగా పాటించే హద్దు 400 పీపీఎం. అంటే దాదాపు అయిదింతలు పీలుస్తున్నా అది మోగదు. హెక్సేన్ వాడేవాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం: మోగేది 1,100 దగ్గర, పీల్చే హద్దు 50. ఇరవై రెట్లకు పైగా తేడా. ముక్కును నమ్ముకోవడానికీ లేదు, కాసేపటికి ముక్కు ఆ వాసనకు అలవాటు పడి చెప్పడం మానేస్తుంది. తలనొప్పి, కళ్ల మంట వస్తే చెప్పమని అమ్మాయిలతో అన్నాను. అంతకన్నా ముందు, వడకట్టే పని మొత్తం మూత ఉన్న పాత్రలోకి మార్చాం. తెరిచిన గుడ్డలో పిండే పద్ధతి ఆపేశాం.

మార్చి చివర: పిప్పి

తడి పిప్పిని ఎండలో ఆరబెడితే చాలు కదా అన్నారు. ఆ 1.65 లీటర్లు వాకిట్లోకి, వీధిలోకి పోతాయి. పైగా కుప్ప పైన ఆరినట్టు కనిపించి లోపల రోజుల తరబడి ఆవిరి వదులుతూనే ఉంటుంది. దాన్ని బస్తాలో కట్టి షెడ్డులో పెడితే ప్రమాదాన్ని మూటగట్టి దాచినట్టే. పశువుల దాణాలో కలుపుతామని అడిగిన రైతుకు కూడా ఇదే చెప్పి వద్దన్నాను.

మా పద్ధతి: పిప్పిని మూత పాత్రలో వేసి, వేడినీళ్లు పోసి, ఆవిరిని కండెన్సర్‌కు పంపడం. నీళ్లతో కలిసినప్పుడు ఇథైల్ అసిటేట్ 70 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి పని తేలిక. 1.65లో 1.4 లీటరు వరకు చేతికి వస్తోంది. కింద మిగిలిన నీళ్లలో కొంత కరిగి ఉంటుంది, చల్లటి నీటిలో అది వందకు ఎనిమిది పాళ్ల వరకు కరుగుతుంది. అందుకే ఆ నీళ్లు బయట పోయకుండా తర్వాతి బ్యాచ్ పిప్పికి మళ్లీ వాడుతున్నాం. తిరిగి పట్టిన సాల్వెంట్‌కు కాలం గడిచేకొద్దీ పులిసిన వాసన వస్తుంది. నీటితో మెల్లగా విడిపోయి ఎసిటిక్ ఆమ్లం పుడుతుంది. ప్రతిసారీ పీహెచ్ కాగితంతో చూసి, ఎర్రబడితే ఆ డబ్బా పక్కన పెడుతున్నాం.

ఏప్రిల్: ముద్దలో మిగిలింది

అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదే. చివరి ఒక్క శాతం సాల్వెంట్ బయటికి రాదు. ముద్ద చిక్కబడ్డాక పైన మీగడలా పొర కడుతుంది, కిందది బయటపడలేదు. హైదరాబాద్‌లో గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపిన మొదటి నమూనా 5,000 పీపీఎం దాటింది. మందుల పరిశ్రమ పాటించే ఐసీహెచ్ మార్గదర్శకాల్లో ఇథైల్ అసిటేట్‌కు హద్దు అదే. హెక్సేన్‌కు 290, మిథనాల్‌కు 3,000, బెంజీన్‌కు 2. సుగంధ ద్రవ్యాల ఒలియోరెసిన్ల విషయంలో అమెరికా నియమాలు ఇంకా బిగువు: హెక్సేన్ 25, అసిటోన్ 30 పీపీఎం. ఇథైల్ అసిటేట్ ఐసీహెచ్ వాళ్ల తక్కువ ప్రమాదమున్న సాల్వెంట్ల జాబితాలో ఉందని 5,000 దగ్గర ఆగిపోతే మంచి కొనుగోలుదారు మన వైపు చూడడు. తినేది పిల్లల బిస్కెట్లలోనూ, పచ్చళ్లలోనూ అని గుర్తుంటే మనకూ ఆగాలనిపించదు.

ముద్దను పెద్ద ఫ్లాస్కులో పలుచటి పొరలా పరిచి, మెల్లగా తిప్పుతూ, పీడనం ఇంకా తగ్గించి 60 డిగ్రీల దగ్గర ఎక్కువసేపు ఉంచాం. మధ్యలో కొద్దిగా నీటి ఆవిరి పంపితే మిగిలిన సాల్వెంట్‌ను అది వెంటబెట్టుకుని తీసుకుపోతుంది. రంగు చెడలేదు. తాజా నమూనా వందల్లోకి దిగింది.

ఇప్పటి లెక్క: 8 లీటర్లలో తిరిగి చేరుతున్నది 7.5 వరకు. మిగిలిన అర లీటరులో పిప్పి నీళ్లలో కరిగిన భాగం పోగా, పంపు గొట్టం నుంచి వెళ్తున్నదే ఎక్కువ అని అనుకుంటున్నాను. రెండో ట్రాప్‌లో ఐస్ బదులు ఉప్పు కలిపిన ఐస్ వేసి చూడాలి. మేలో ఎండలు ముదిరితే మధ్యాహ్నం బ్యాచ్‌లు ఆపి తెల్లవారుజామున మొదలుపెడతాం. అగ్నిమాపక శాఖ వాళ్లను పిలిచి, ఆల్కహాల్‌ను తట్టుకునే ఫోమ్ సిలిండరు వాడకం అమ్మాయిలిద్దరికీ నేర్పించాలి. పెద్ద డ్రమ్ము కొనాలన్న సంఘం ప్రతిపాదన ఆ శిక్షణ అయ్యేదాకా పక్కన పెట్టించాను.